గకారంలో ఒక సీమ చరిత్ర

తెలుగు పద్యానికి మొదటి అక్షరం మీద పట్టింపు ఎక్కువ. పాదం ఏ అక్షరంతో మొదలవుతుందో, యతిస్థానంలో దానికి మైత్రి గల అక్షరమే రావాలి. భావం ఎంత గొప్పదైనా వడి తప్పితే అది పద్యం కాదన్నారు పెద్దలు. అవధానంలో న్యస్తాక్షరి అడిగే పృచ్ఛకుడు ఫలానా పాదంలో, ఫలానా చోట, ఫలానా అక్షరం రావాలని నిర్బంధిస్తాడు. నిషిద్ధాక్షరి అడిగేవాడు ఒక్కొక్క అక్షరాన్నే వద్దంటూ దారి మూస్తాడు. దండి తన కావ్యాదర్శంలో పదహారు విధాల ప్రహేళికలను పేర్కొన్నాడు. జవాబు పద్యంలోనే దాగి ఉంటే అది అంతర్లాపి, వెలుపల వెదకవలసి వస్తే బహిర్లాపి.

ఇంత వారసత్వం ఉన్నవారికి, “జవాబులన్నీ ఒకే అక్షరంతో మొదలు కావాలి” అనే నియమంతో ఆడే సామాన్య విజ్ఞానపు ఆట పరాయిదేమీ కాదు. దాని వేషం కొత్తదే కాని ఎముక పాతది. ఈ నియమంలో ఒక సుగుణమున్నది. మామూలు ప్రశ్నకు జవాబు కంఠస్థం చేసినవాడే చెప్పగలడు. మొదటి అక్షరం తెలిసినప్పుడు మాత్రం, చదివి మరచినవాడికి కూడా ఆశ కలుగుతుంది. వాడి మనస్సు తనలో ఉన్న మాటలన్నిటినీ తడుముకుంటుంది. అడిగేవాడికీ ఇది పరీక్షే. పుస్తకంలోని ప్రశ్నలను ఎత్తి రాసుకుంటే సరిపోదు. ఒక అక్షరం చుట్టూ లోకాన్ని మళ్ళీ పేర్చుకోవాలి.

ఉదాహరణకు ఒకటి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు, ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ సూర్యుని అంచు వెలుగును వర్ణపటదర్శినితో పరిశీలించినది తెలుగునాట ఏ పట్టణంలో? జవాబు గుంటూరు. హీలియం కథ చెప్పే ప్రతివారూ ఆ గ్రహణాన్నీ, ఆ ఊరినీ తలచుకుంటారు. ఇటువంటి ప్రశ్న పుస్తకాలలో దొరుకుతుంది. కాని అదే గుంటూరు నుంచి పడమరగా రైలెక్కితే వచ్చే మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల గురించి సామాన్య విజ్ఞాన పుస్తకాలలో ఎన్ని ప్రశ్నలున్నాయి? వెదికిన మీదట పలకల గురించి ఒకటి, కంభం చెరువు గురించి ఒకటి దొరికితే అదృష్టమే. పరీక్షల కోసం ఖండాంతరాల రాజధానులు వల్లె వేసే ఇక్కడి పిల్లవాడికి, తన ఊరి పక్క వాగు ఏ నదిలో కలుస్తుందో చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అడగని సంగతి క్రమంగా లేని సంగతి అయిపోతుంది. ఈ వ్యాసానికి నన్ను పురికొల్పిన బాధ ఇదే.

కనుక ఒక ప్రశ్నపత్రం తయారు చేశాను. హద్దు పశ్చిమ ప్రకాశంగా మనకు అలవాటైన సీమ, దానిని ఆనుకున్న చుట్టుపట్లు. అక్షరం గకారం. ఛందశ్శాస్త్రంలో “గ” అంటే గురువు. ఉపాధ్యాయ వృత్తి చేసినవాడు ఆ అక్షరాన్ని ఎంచుకోవడంలో కొంత స్వార్థమున్నదని ఒప్పుకుంటాను. పాఠక మిత్రులు ముందుగా ప్రశ్నలు చదివి, జవాబులు ఊహించి, ఆ తరువాతనే కిందికి రావలసిందిగా మనవి.

1. అద్దంకి శాసనంలో కనిపించే పండరంగడు ఏ చాళుక్య ప్రభువు సేనాని?
2. నల్లమలలో పుట్టి, కంభం దగ్గర ఆగి, అద్దంకి పక్కగా సాగి సముద్రంలో కలిసే నది ఏది?
3. కంభం చెరువు కట్టించినదని ప్రసిద్ధి పొందిన వరదరాజమ్మ ఏ రాజవంశపు ఆడపడుచు?
4. 1872లో ఒక తెలుగు నవల, 1886లో ఆంగ్లంలో కర్నూలు జిల్లా మాన్యువల్ వెలువరించినవారెవరు?
5. నంద్యాల, గుంటూరు రైలు దారిలో నల్లమలకు పడమటి అంచున ఒకటి, మార్కాపురం రోడ్డు దాటిన తరువాత ఒకటి, ఆడవారి అలంకారాలను గుర్తుచేసే రెండు స్టేషన్లు ఏవి?
6. మార్కాపురం పలక ఎక్కడ పుడుతుంది?
7. వెలిగొండ జలాశయానికి కొండల నడుమ కట్టిన మూడు కట్టలలో ఒకటి సుంకేసుల, ఒకటి కాకర్ల. మూడవది ఏది?
8. ఉన్నచోటి నుంచి అంగుళమైనా కదలకుండా కర్నూలు, ప్రకాశం, మార్కాపురం జిల్లాలలో కాపురం చేసిన పట్టణమేది?

ఇక జవాబులు.

మొదటిది గుణగ విజయాదిత్యుడు. తూర్పు చాళుక్యులలో మూడవ విజయాదిత్యుడైన ఈయన 848లో రాజ్యానికి వచ్చాడు. ఆయన సేనాని పండరంగని విజయాలను చెప్పే అద్దంకి శాసనం కూడా ఆ కాలానిదే. అందులో తరువోజ పద్యం ఉన్నది. నన్నయకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే తెలుగులో ఛందోబద్ధమైన పద్యం ఉండేదని చెప్పడానికి మనవారు చూపే తొలి సాక్ష్యాలలో ఇది ముఖ్యమైనది. తరువోజలో పాదానికి ఎనిమిది గణాలు. మొదటి గణం తొలి అక్షరానికి మూడు, ఐదు, ఏడు గణాల తొలి అక్షరాలతో యతి కుదరాలి. అంటే మొదటి అక్షరపు నియమం ఈ నది ఒడ్డున రాతి మీద చెక్కి పన్నెండు వందల ఏళ్ళకు చేరువవుతున్నది. మన ఆట ఎముక పాతదన్నది ఇందుకే.

ఆ నదే రెండవ జవాబు, గుండ్లకమ్మ. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం ప్రాంతంలో పుట్టి, అడవి దిగి కంభం చేరుతుంది. అక్కడి నుంచి ఈశాన్యంగా కొంత దూరం పోయి, తరువాత ఆగ్నేయానికి తిరిగి, అద్దంకి మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. వాన ఉన్నప్పుడు నది, లేనప్పుడు ఇసుక. కృష్ణా, పెన్నా పరీవాహకాల నడుమ తనకంటూ ఒక దారి చేసుకొని నేరుగా సముద్రానికి పోయే నది ఇది. పుస్తకాలు పెద్ద నదులను లెక్కించి ఊరుకుంటాయి కనుక ఈమె పేరు వాటిలో అరుదు.

మూడవ జవాబు గజపతి వంశం. ఓఢ్ర ప్రభువు ప్రతాపరుద్ర గజపతి మీద శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు గెలుచుకుంటూ కళింగం దాకా సాగించిన దండయాత్రలు, ఆ తరువాతి సంధి, గజపతి కుమార్తెతో రాయల వివాహం చరిత్ర ప్రసిద్ధాలే. ఆ రాణి కంభంలో ఉండి చెరువు కట్టించినదని ఈ ప్రాంతపు ప్రతీతి. ఇక్కడివారు ఆమెను వరదరాజమ్మ అంటారు. భర్త ఆదరణకు దూరమైన రాణి కంభంలో ఏకాంతంగా గడుపుతూ చెప్పుకున్నవని తుక్కా పంచకం అనే అయిదు సంస్కృత శ్లోకాలను సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. ఆ రాణి, ఈ రాణి ఒకరేనని తేల్చే శాసనం మాత్రం కంటికి కనబడదు. పొరుగున పోరుమామిళ్ళ చెరువుకు 1369 నాటి శాసనమున్నది. కట్టించిన భాస్కర భవదూరుని పేరుతో పాటు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను కూడా అది చెప్పుతుంది. ఇక్కడ రాయి మాట్లాడదు, ఊరు మాట్లాడుతుంది.

రెండు కొండల నడుమ గండిని పూడ్చి గుండ్లకమ్మను నిలిపిన చెరువు ఇది. కట్ట ఎత్తు 57 అడుగులని, పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళని, సాగు సుమారు 10,300 ఎకరాలని ఇంపీరియల్ గెజిటీరు లెక్క చెప్పింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం కంభం చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. పోరుమామిళ్ళ చెరువుకూ, కర్నూలు–కడప కాలువకూ ఆ గౌరవం అదే ఏడాది దక్కింది. రాణి పేరు ప్రతీతిగానైనా నిలిచింది. మట్టి తట్టలు మోసినవారి పేర్లు ఏ అక్షరంతోనూ నిలవలేదు.

నాలుగవ జవాబు నరహరి గోపాలకృష్ణమ సెట్టి. ఇంటిపేరు నకారమైనా, అసలు పేరు గకారమే కనుక నియమం తప్పలేదు. “తొలి తెలుగు నవల ఏది?” అంటే పోటీ పరీక్షల పిల్లలు కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రమని రాస్తారు. దాని కాలం 1878. అంతకు ఆరేళ్ళ ముందే, 1872లో, గోపాలకృష్ణమ సెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము వెలువడింది. ఏది నవల, ఏది కాదు అన్న చర్చ పండితులలో చాలాకాలంగా ఉన్నది; దానిలోకి పోను. నాకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి. ఆయన కర్నూలు జిల్లాలో డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేశారు. 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్‌ను కూర్చారు. ఆనాటి కర్నూలు జిల్లాలో కంభం, మార్కాపురం తాలూకాలు భాగం. అంటే మన సీమను ఊరూరా, చెరువు చెరువునా లెక్కపెట్టి గ్రంథానికి ఎక్కించిన తెలుగువాడు, తొలి నవలాకారుడన్న పేరుకు హక్కుదారులలో ఒకడు. నవలను గురించి తెలుగు మేష్టర్లం ఇంకా మాట్లాడుకుంటాం. మాన్యువల్ సంగతి చరిత్ర పరిశోధకులకు వదిలేశాం. ఒకే చేతితో రాసిన రెండు పుస్తకాలు రెండు అలమరలలోకి పోయాయి.

అయిదవ జవాబు గాజులపల్లె, గజ్జలకొండ. 1876–78 నాటి ధాత కరువులో కర్నూలు, బళ్ళారి ప్రాంతాలు ఎంత నశించాయో ఆ తరువాతి ప్రభుత్వ నివేదికలన్నీ చెప్పుతాయి. బండ్ల మీద ధాన్యం చేరేలోగా ఎద్దులే చచ్చే దారులు ఇవి. కరువు సీమలకు తిండిగింజలు చేర్చాలన్న ఆలోచనతో దక్షిణాదిలో వేసిన ఇనుప దారులలో ఇదొకటి. పందొమ్మిదవ శతాబ్ది చివర గుంతకల్లును కృష్ణా తీరంతో కలిపిన మీటరు గేజి దారి నల్లమలను చీల్చుకొని వచ్చింది. గాజులపల్లె దాటితే అడవి, సొరంగం, లోయ. చలమ, దిగువమెట్ట దాటి గిద్దలూరు చేరితే ఊపిరి పీల్చుకున్నట్లుంటుంది. 1990లలో దారి బ్రాడు గేజిగా మారినప్పుడు అడవిలోని పాత దొరబావి వంతెన వాడుక నుంచి తప్పుకున్నది. ఆ వంతెన ఎక్కిన తరం మార్కాపురం, కంభం వీధులలో ఇంకా ఉన్నది. అడిగేవారుంటే చెప్పేవారున్నారు.

ఆరవ జవాబు చాలా సులువు కనుకనే చాలామందికి తోచదు. పలక పుట్టేది గనిలో. నల్లమలకు తూర్పున ఒకనాటి సముద్రగర్భపు బురద గట్టిపడి, భూమి ఒత్తిడికి, వేడికి లోనై పొరలు పొరలుగా విడిపోయే రాయి అయినది. భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని కంభం పేరుతోనే పిలుస్తారు; విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలల మీద గ్రంథం వెలువరించినది 1872లో. ఆ ఏడు గోపాలకృష్ణమ సెట్టిగారి నవల వచ్చిన ఏడే. గని నుంచి తెచ్చిన బండకు ఉలి పెట్టి నేర్పుగా తడితే పొర ఊడుతుంది. దాన్ని కొలతకు కోసి, నునుపు చేసి, కర్ర చట్రం బిగిస్తే పలక. ఆ కొట్టుడులో లేచే దుమ్ము పనివాడి ఊపిరితిత్తులలోకి పోతుంది. కాగితపు పుస్తకాలు, రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత రాతి పలకకు గిరాకీ తగ్గింది. అదే రాయి ఇప్పుడు గోడలకు, నేలకు పరిచే అలంకారపు బిళ్ళగా పరదేశాలకు పోతున్నది.

ఒక్క మాట ఇక్కడ చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే దండుగ. తెలుగునాట ఎన్ని తరాల పిల్లలు ఓనమాలు దిద్దినది ఈ సీమ రాతి మీద! అందరి తొలి అక్షరాన్నీ మోసిన నేల ఇది. ఆ అక్షరాలు నేర్చినవారు పెరిగి పెద్దవారై పాఠ్యపుస్తకాలు రాశారు, ప్రశ్నపత్రాలు కూర్చారు. ఈ నేల గురించి అడగడం మాత్రం మరచిపోయారు.

ఏడవ జవాబు గొట్టిపడియ. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ వరద నీటిని నల్లమల కింద రెండు సొరంగాల ద్వారా ఇటు తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లను కట్టలతో మూసి నిలువ చేయాలన్నది వెలిగొండ పథకం. మార్కాపురం ప్రజా నాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు దానికి పెట్టారు. శంకుస్థాపన 1996లో. ఒక్కొక్కటి పద్దెనిమిదిన్నర కిలోమీటర్లకు మించిన సొరంగాలలో మొదటిది 2021లో, రెండవది 2024లో తవ్వకం ముగించుకున్నాయి. బోరునీటిలో ఫ్లోరైడుతో పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిన పల్లెలున్న సీమకు ఇది ప్రాణసమస్య. ఆనాడు గండి పూడ్చి నదిని నిలిపారు. ఈనాడు గండ్లు పూడ్చి పక్క నదిని పిలుస్తున్నారు. అయిదు వందల ఏళ్ళ నడుమ ఇక్కడి కోరిక మారలేదు.

ఎనిమిదవది గిద్దలూరు. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. కంభం ప్రాంతం మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలులో చేరింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2025 డిసెంబరు ఆఖరున మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, గిద్దలూరు దానిలో చేరింది. పుట్టినప్పుడు కర్నూలువాడై, చదువుకున్నప్పుడు ప్రకాశంవాడై, వృద్ధాప్యంలో మార్కాపురంవాడైన మనిషిని ఇక్కడ ఏ అరుగు మీదనైనా చూడవచ్చు. కర్నూలు చరిత్ర రాసేవారు “ఆ తాలూకాలు ఇప్పుడు మనవి కావు” అని వదిలారు. ప్రకాశం చరిత్ర రాసేవారు ఒంగోలు, అద్దంకి, చీరాల దగ్గర మొదలుపెట్టి, నల్లమల చేరేసరికి అలసిపోయారు. పుస్తకాలలో ఈ సీమ కనబడకపోవడానికి నాకు తోచిన కారణమిదే. చరిత్ర లేక కాదు, ఎవరి జిల్లాలోనూ నడుమ లేక.

ఇంకొక ప్రశ్న రాసి కొట్టివేశాను. ఆ సంగతి కూడా చెప్పాలి. దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు పెట్టినదెవరు? 1883లో కర్నూలులో జన్మించి, 1908లో స్వరాజ్య పత్రిక వ్యాసానికి కారాగారం అనుభవించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారని కొన్ని పుస్తకాలలో ఉన్నది. గకారానికి ఎంత చక్కగా అమరినదో! కాని 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరును ప్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావుగారని పరిశోధకులు చెప్పుతున్నారు. అక్షరం కుదిరినదని జవాబును ఒప్పుకోరాదు. యతి కోసం అర్థాన్ని చంపే కవిని మనం వెక్కిరిస్తాం. ఆట కోసం నిజాన్ని వంచే ప్రశ్నకర్త అంతకంటె మెరుగు కాదు. గాడిచర్లవారి గొప్పతనానికి ఈ ఒక్క జవాబు పోయినంత మాత్రాన లోటు రాదు.

ఎనిమిది జవాబులను ఒకచోట పెట్టి చూస్తే ఒక శాసనం, ఒక నది, ఒక చెరువు, ఒక గ్రంథకర్త, ఒక రైలు దారి, ఒక గని, ఒక జలాశయం, ఒక పట్టణం. అక్షరం ఒక్కటే కనుక కాకతాళీయంగా దొరికినవే ఇవన్నీ. అయినా పన్నెండు వందల ఏళ్ళ సీమ చరిత్ర వరుసగా నిలబడింది. మకారం తీసుకుంటే మరొక చరిత్ర వస్తుంది, కకారం తీసుకుంటే ఇంకొకటి. ఏ అక్షరం పట్టినా ఖాళీ చేయి రాదు.

కొత్త జిల్లాకు కొత్త పటం వస్తుంది, బడులలో కొత్త ప్రశ్నలు వస్తాయి. విస్తీర్ణమెంత, మండలాలెన్ని, కలెక్టరెవరు అన్నవి ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు గుండ్లకమ్మ ఎక్కడ పుట్టిందో, మాన్యువల్ ఎవరు రాశారో, పలకకు రాయి ఎలా చీలుతుందో కూడా అడగమని ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాను. ఇతర ప్రాంతాల మిత్రులు తమ తమ ఊళ్ళకు తగిన అక్షరం ఎంచుకొని ఇటువంటి పత్రం కూర్చి చూడవలసిందిగా ప్రార్థన. జవాబు రాని ప్రశ్న ఎదురైతే పుస్తకం తీయక ముందు, మీ వీధిలో అందరికంటె పెద్దవారెవరో వారి దగ్గరకు వెళ్ళి అడగండి.